ఎర్ర బకెట్ కిటికీ

"కూర్చో," అన్నాడు చీఫ్.

"కూర్చోను. ముందు ఆ బకెట్ తీయించండి."

డిపార్ట్‌మెంట్‌లో కూర్చోనన్నవాడి కోడ్ నేమ్ కారం. ఎవరు పెట్టారోగానీ మనిషిని చూసే పెట్టారు. కిటికీ బయట ఏసీ కారుతోంది. దాని కింద, గ్రిల్‌కు తీగతో కట్టిన ఎర్ర బకెట్. బయట ఎగుమతుల కంపెనీ బోర్డు పెట్టుకుని లోపల గూఢచారులను నడిపే ఆఫీసు అది. అలాంటి ఆఫీసు కిటికీకి వీధంతా కనిపించేలా ఎర్ర బకెట్ వేలాడదీస్తే ఒళ్ళు మండదా మరి?

"జెండా కట్టినట్టుంది సార్! మేమిక్కడే ఉన్నాం, రండి అని!"

"బకెట్ సంగతి తర్వాత. మీ బావ దొరికిపోయాడు."

కారం కూర్చున్నాడు.

బావ అంటే అక్క భర్త. అదే డిపార్ట్‌మెంట్‌లో ఏజెంట్. రక్షణ రహస్యాలు కొనుక్కుపోయే విదేశీ ముఠాలో డ్రైవర్‌గా చేరాడు. అక్క దృష్టిలో మాత్రం ఆయన వాటర్ ప్యూరిఫయర్లు అమ్ముకునే సేల్స్‌మన్.

"సాయంత్రం ఓడ ఎక్కిస్తారు. ఎక్కించాక మనిషి మనకు దక్కడు. ఎక్కడ దాచారో తెలీదు," అన్నాడు చీఫ్.

తలుపు చప్పుడైంది.

"పార్సెల్. గాజు సామాను."

"పగిలితే ఎవరిది పూచీ?"

"పగలగొట్టినవాళ్ళదే."

కోడ్ సరిపోయింది. కొరియర్ డ్రెస్‌లో వచ్చినావిడ టోపీ తీసింది. ఏ వేషం వేసినా ఆ అందం దాగదు. కోడ్ నేమ్ నెమలి. ముఠా నాయకుడికి సెక్రటరీ, మనకు డబుల్ ఏజెంట్. ఇక్కడి కబుర్లు అక్కడికి మోయడంలేదని నమ్మకమేమిటని కారానికి మొదటి నుంచీ అనుమానమే.

పార్సెల్‌లోంచి పాత లాప్‌టాప్ ఒకటి తీసింది. "మా బాస్ కార్లోంచి కొట్టేశాను. మీవాణ్ణి కట్టేసిన గదిలో కెమెరా ఉంది. ఆ వీడియో వచ్చేది దీన్లోనే. కింద మెట్ల దగ్గర ఆన్ చేశాను, పాస్‌వర్డ్ అడిగింది. వెంటనే ఆపేశా. పాస్‌వర్డ్ నాకు తెలుసు."

కారం చెయ్యి చాచేలోగా గాడ్జెట్ మాస్టారు లాప్‌టాప్ లాగేసుకున్నాడు. గాడ్జెట్ సెక్షన్‌కు ఆయన పెద్ద. "రూల్ ప్రకారం ముందు నా టేబుల్ మీదికి రావాలి," అంటూ పక్క గదిలోకి తీసుకెళ్ళి, తీరుబడిగా తెచ్చి బల్ల మీద పెట్టి, పవర్ బటన్ నొక్కాడు.

తెర నల్లగా ఉండిపోయింది. మీద ఒక్కటే తెల్ల వాక్యం: ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదు.

ఆపి మళ్ళీ ఆన్ చేశారు. అదే వాక్యం. చార్జర్ మార్చారు. అదే వాక్యం.

"నువ్వే పాడుచేసి తెచ్చావు!" కారం అరుపుకు అద్దాలు అదిరాయి. నెమలి చేతికి బేడీ వేసి కుర్చీకి తగిలించాడు. "బాగానే ఉందట! మెట్ల దగ్గర పనిచేసింది మేడెక్కేసరికి చచ్చిందా?"

"ఫార్మాట్ కొట్టేద్దాం సార్," అన్నాడు మాస్టారు. ఏ కంప్యూటర్‌కు ఏ జబ్బు వచ్చినా ఆయన దగ్గర మందు అదొక్కటే. "కొత్త ఓఎస్ ఎక్కిస్తే అద్దంలా ఉంటుంది."

"అద్దంలాగే ఉంటుంది! లోపల ఏమీ ఉండదు!" నెమలి కుర్చీతో సహా లేవబోయింది. "కెమెరా సాఫ్ట్‌వేర్ తుడిచిపెట్టుకుపోతే మీవాణ్ణి ఎక్కడ వెతుకుతారు? నా మీద అరవడం తర్వాత, నేనిచ్చినప్పుడు లేనిది ఇప్పుడు దానికేముందో చూడండి!"

కారం ఫోన్ మోగింది. అక్క.

"ఏరా, మీ బావ ఫోన్ ఎత్తడంలేదేంటి?"

"మీటింగ్‌లో ఉన్నాడక్కా."

"ఆ మీటింగ్ తగలెయ్య! పొద్దున్నుంచీ నా గుండె గుండెల్లో లేదు. ఒక్కసారి గొంతు వినిపించమను, చాలు."

"వినిపిస్తాను," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

మాస్టారు ఫార్మాట్ డిస్క్ పట్టుకుని వస్తుంటే కారం మోచేత్తో పక్కకు తోశాడు. లాప్‌టాప్ ఆన్ చేస్తూ సెట్టింగుల మీట టకటకా నొక్కాడు. నీలం తెర వచ్చింది. హార్డ్ డిస్క్ పేరు అక్కడ నిక్షేపంలా ఉంది.

"డిస్క్ బతికే ఉంది. మరి దొరకలేదంటుందేం?"

తెర మీద కిందికి జరిగాడు. ఆన్ అయ్యేటప్పుడు ఓఎస్ కోసం ముందు ఎక్కడ వెతకాలో చెప్పే వరుస అక్కడుంది. మొదటి చోటు యూఎస్‌బీ. హార్డ్ డిస్క్ దాని తర్వాత.

కారం లాప్‌టాప్ ఎత్తి పక్కలు చూశాడు. యూఎస్‌బీ కంతలో, గోటికి కూడా అందనంత చిన్నగా, నల్లటి పిన్ ఒకటి నక్కి ఉంది.

"ఇదేంటి?"

"మా కాపీ పిన్," అన్నాడు మాస్టారు కాస్త గర్వంగా. "శత్రువు మిషన్ ఏది దొరికినా ముందు అది గుచ్చాలి. రూలు. కంటికి కనబడదు చూశారా!"

"నీ రూలు పాడుగాను! ఓఎస్ ఉందా అని లాప్‌టాప్ వెళ్ళి నీ పిన్నును అడుగుతోంది. నీ పిన్నులో ఏముంది, మట్టి! అక్కడే ఆగి చస్తోంది!"

పిన్ పీకి కిటికీలోంచి విసిరాడు. బటన్ నొక్కాడు. తెర వెలిగి పాస్‌వర్డ్ అడిగింది. బేడీ లేని చేత్తో నెమలి కొట్టింది. వీడియో వచ్చింది.

కుర్చీకి కట్టేసి బావ. ఇద్దరు మనుషులు ఫ్రిజ్ అట్టపెట్టె విప్పుతున్నారు. బావ ముందు కిటికీ. కిటికీలోంచి, వీధికి అవతల, గ్రిల్‌కు తీగతో కట్టిన ఎర్ర బకెట్.

చీఫ్ కిటికీ వైపు తిరిగాడు. కారం అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

ఎదురు బిల్డింగ్ మూడో అంతస్తులో లిఫ్ట్ తలుపులు మూసుకుంటుండగా వాటి మధ్య బూటు పెట్టాడు. లోపల ఫ్రిజ్ పెట్టె, ఇద్దరు మనుషులు. పిస్తోలు చూడగానే చేతులెత్తారు. పెట్టె కోస్తే బావ బయటపడ్డాడు. నోటి గుడ్డ తీయగానే మొదలుపెట్టాడు.

"ఇప్పుడా రావడం? పొద్దున్నుంచీ మన బకెట్టే చూస్తూ కూర్చున్నాను. ఒక్క వెధవైనా కిటికీలోంచి బయటికి చూస్తే ఒట్టు!"

కారం జీవితంలో మొదటిసారి తిట్లు తిని ఊరుకున్నాడు. కళ్ళు తుడుచుకుని ఫోన్ బావ చేతిలో పెట్టాడు. "అక్కతో మాట్లాడు. నా వంతు తిట్లు కూడా నువ్వే తిను."

తిరిగొచ్చి నెమలి బేడీ తీశాడు. "తప్పు నాది. క్షమించు," అన్నాడు. ఆమె మణికట్టు రుద్దుకుంటూ, అలాంటి మాట ఊహించనట్టు చూసింది.

"నా పిన్ ఏదీ?" గుమ్మంలోంచి అడిగాడు మాస్టారు.

"బకెట్‌లో వెతుక్కో," అన్నాడు కారం. "బకెట్ మాత్రం కదిపావంటే చంపేస్తాను."