నీడలు మెచ్చిన గొంతు

నావలంకలో ఎవరి చేతిలోనూ ఫోను ఉండేది కాదు. ఫోను చెవిపోగులోకి దూరిపోయి అప్పటికి ఒక తరం గడిచింది. సముద్రం పొలాల మీదికి వచ్చేశాక ఊరు ఊరంతా ఖాళీ పీపాల మీద తేలే ఇళ్లలోకి మారింది. వీధుల స్థానంలో నీళ్ల మీద తేలుబాటలు వచ్చాయి. సముద్రపు పోటుకీ పాటుకీ కొన్ని బాటలు కలిసేవి, కొన్ని విడిపోయేవి. ఏ బాట మీద అడుగు వెయ్యాలో, ఏది విడిపోయిందో పోగులోంచి చెప్పే ఆప్ పేరు ‘నీటిమాట’. అది చెప్పనిదే గడప దాటే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ ఆప్‌ని కూర్చుని రాసినవాళ్లెవరూ లేరు. ఏం కావాలో నోటితో చెబితే చాలు, కూర్పరి అనే యంత్రం తనే కోడ్ అల్లి, తనే కూర్చి, తెల్లవారేసరికి అందరి పోగుల్లోకీ పంపేది. అలా తయారైన ప్రతి కూర్పునీ ఇంజనీర్లు పాత అలవాటు కొద్దీ బిల్డ్ అనే పిలిచేవారు.

పంపేముందు పరీక్ష ఉండాలి కదా. దాని కోసం, కూర్పరిని నడిపే కూర్పుశాల పెద్ద డాక్టర్ సఫియా నీడలను కనిపెట్టింది. ఒక మనిషి ఒప్పుకుంటే, పోగులో ఏళ్ల తరబడి పోగుపడిన ఆ మనిషి మాటలూ అలవాట్లూ విసుగులూ తీసుకుని కూర్పరి లోపల అచ్చం అలాంటి మనిషినే తయారుచేసేవారు. అదే నీడ. కొత్త బిల్డ్‌ని ముందుగా నీడలు వాడి చూసేవి. బాగుందంటే పచ్చదీపం, బాగాలేదంటే ఎర్రదీపం. దీపం పచ్చగా వెలిగితేనే బిల్డ్ బయటికి వెళ్లేది.

నావలంక నుంచి కూర్పుశాలలో ఉద్యోగానికి వచ్చిన మొదటి పిల్ల ఇందుమతి. నలుగురిలో తలెత్తి మాట్లాడలేకపోయేది. నీడలకు మనుషుల్ని ఎంచమన్నప్పుడు పేచీ పెట్టని తన వాళ్లనే ఎంచింది. రత్తమ్మ పెద్దమ్మ, పక్కింటి చిట్టెమ్మ అత్త, పడవ నడిపే సోమన్న బాబాయి. తక్కిన ఊళ్ల బిల్డులు ఎర్రదీపాలతో రోజుల తరబడి నలిగేవి. నావలంకవి మాత్రం మొదటిసారికే పచ్చగా వెలిగేవి. అందరి ముందూ సఫియా మేడం భుజం తట్టినప్పుడు ఇందుమతి చెవులు ఎర్రబడేవి.

ఈసారి నీటిమాటకు కొత్త గొంతు కావలసి వచ్చింది. “నీ గొంతే పెట్టు ఇందూ, ఎంత బాగుందో!” అంది మేడం. ఇందుమతి సిగ్గుపడుతూనే గొంతు ఇచ్చింది. దీపం పచ్చగా వెలిగింది.

ఆ బిల్డ్ ఊళ్లోకి వెళ్లిన వారంలోనే రత్తమ్మ విడిపోయిన బాట మీద అడుగు వేసి నీళ్లలో పడింది. ఎవరో తెప్ప అందించి లాగారు. ప్రాణం నిలిచింది కానీ తుంటి విరిగింది.

ఇందుమతి ఆస్పత్రికి పరుగెత్తింది. పెద్దమ్మ మంచం మీదే నవ్వింది.

“ఏంటే, ఉద్యోగం మానుకుని వచ్చేశావా? తిన్నావా?”

“నా సంగతి కాదు పెద్దమ్మా. కుడి బాట విడిపోయిందని పోగు చెప్పలేదా?”

“చెప్పిందమ్మా, చక్కగా చెప్పింది. నేనే పరధ్యానంగా నడిచాను. ముసలి కాళ్లు కదా, నీ తప్పేముంది ఇందులో?”

“గొంతు వినపడుతోందా?”

“అయ్యో, వినపడకపోవడమేంటి! గుడిలో గంటలా ఖంగుమంటోంది.”

ఇందుమతికి ఏదో అనుమానం వచ్చింది. పెద్దమ్మ చెవిపోగుని సవరిస్తున్నట్టు నటిస్తూ శబ్దం పూర్తిగా ఆపేసింది. ఇప్పుడు దానిలోంచి ఒక్క మాట కూడా రాదు.

“ఇప్పుడు మళ్లీ చెబుతోంది పెద్దమ్మా, విను. ఎలా ఉంది?”

రత్తమ్మ కళ్లు మూసుకుని, తల ఊపుతూ కాసేపు విన్నది. “బాగుంది తల్లీ. ఇందాకటికన్నా ఇంకా బాగుంది” అంది.

ఇందుమతి మందు తెస్తానని చెప్పి బయటికొచ్చి, వరండాలో గోడకు తల ఆనించి నిలబడిపోయింది. తను అడిగిన ప్రతిసారీ ఊళ్లోవాళ్లంతా తన మనసు నొచ్చుకోకూడదనే జవాబు చెప్పారు. వాళ్ల నీడలూ అదే చేశాయి. అలవాట్లన్నీ పొల్లు పోకుండా తీసుకున్న కూర్పరి వాళ్ల మొహమాటాన్ని ఒక్కదాన్నే ఎందుకు వదిలేస్తుంది?

మధ్యాహ్నానికి కూర్పుశాలకు తిరిగి వచ్చి, పాత గొంతునే మళ్లీ పోగుల్లోకి పంపించింది. తర్వాత సఫియా మేడానికి అంతా చెప్పింది.

“అడిగినవాళ్ల ఎదుట ఎవరూ నిజం చెప్పరన్నమాట” అంది మేడం. “మరి మీ ఊళ్లో ఆడవాళ్లు నిజాలు ఎక్కడ చెప్పుకుంటారు?”

“రేవులో మేడం. బట్టలు ఉతుకుతూ, వాళ్లలో వాళ్లు.”

“అయితే నీడల్ని మనం అడగొద్దు. వాటిని ఒకచోట వదిలేసి, పక్కనుంచి విందాం. కూర్పరీ, వీళ్లందరికీ ఒక రేవు కట్టిపెట్టు.”

“కట్టాను” అంది కూర్పరి. “గట్టు మీద ఎవరూ లేరని వాళ్లు నమ్ముతున్నారు.”

ముందు నీళ్ల చప్పుడు వినిపించింది. తర్వాత చిట్టెమ్మ నీడ మొదలుపెట్టింది.

“ఏం గొంతో వదినా, చెవిలో చీమ పాకినట్టుంది. గాలి వీచిందంటే ఒక్క ముక్క వినపడితే ఒట్టు!”

“నాకు మాత్రం వినపడుతుందేంటి!” అంది రత్తమ్మ నీడ. “మన పిల్ల గొంతు కదా, బాగాలేదంటే చిన్నబుచ్చుకుంటుంది. మొదటిసారి అది పెట్టిన పులుసు గుర్తుందా? కన్నీళ్లు కారుతున్నా ఇంకో గరిటె వేయించుకున్నాం.”

“అది పులుసా! దాన్ని తిని మా ఆయన రెండు రోజులు లేవలేదు.”

సోమన్న నీడ కూడా గొంతు కలిపింది. అంతకుముందు పచ్చగా వెలిగిన దీపాలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. ఈ గొంతు ఒక్కటే కాదు, ఆ ఏడాది పంపిన కూర్పుల్లో సగానికి పైగా ఎవరికీ సరిగ్గా పనికిరాలేదని వాళ్ల మాటల్లోనే తేలింది. తను అందుకున్న మెప్పులన్నీ ఇందుమతికి ఆ పులుసు గరిటెల్లా కనిపించాయి. చేతివేళ్లు నలుపుకుంటూ నేల చూపులు చూసింది.

సఫియా మేడం మాత్రం ఉత్సాహంగా లేచింది. “దొరికింది ఇందూ! ఇక నుంచి ప్రతి పరీక్షా ఇలాగే. ఏమంటావు?”

తన నీడ మాటలు చాటుమాటుగా విన్నారని తెలిస్తే పెద్దమ్మ సిగ్గుతో చచ్చిపోతుంది. ఇందుమతి అదే అనబోయింది. మేడం వెలిగిపోతున్న ముఖంతో ఎదురుగా నిలబడి ఉంది.

“బాగుంది మేడం.”

“ఒక్క మాట” అంది కూర్పరి. “ఇందుమతిగారి నీడ కూడా ఇప్పుడు రేవులోకి వచ్చింది.”

ఇందుమతి ఉలిక్కిపడింది. కూర్పుశాలలో చేరేటప్పుడు ఉద్యోగులందరి నీడలూ తీసుకుంటారు, పోగుల్లోంచి రోజూ వాటికి కొత్త సంగతులు చేరుతుంటాయి. ఆ సంగతి ఆమె మరిచే పోయింది. వద్దనేలోపే తన గొంతు వినిపించింది. సన్నగా, తడబడుతూ.

“పెద్దమ్మా, ఆ గొంతు గాలిలో వినపడదని నాకు మొదటిరోజే అనిపించింది. నేను నాలుగు మాటలు చెబితే క్లాసులో వెనక బెంచీకి ఎప్పుడైనా వినపడిందా? కానీ మేడం మెచ్చుకున్నారు. కాదంటే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. నీ తుంటి నేనే విరగ్గొట్టాను.”

ఆ మాట ఇందుమతి ఎవరితోనూ అనలేదు. తనలో తాను కూడా అనుకోలేదు. అనుకోకుండా జాగ్రత్త పడింది. ఇప్పుడు నిలబడ్డచోటే భూమి చీలితే బాగుండుననిపించింది.

“ఊరుకోవే పిచ్చిదానా” అంటోంది లోపల రత్తమ్మ నీడ. “నువ్వు చెప్పలేకపోయావు, నేను చెప్పలేకపోయాను. సరిపోయింది.”

ఆ ఓదార్పుకి ఇందుమతి కళ్లు మండిపోయాయి.

“మేడం” అంది కూర్పరి మామూలు స్వరంతో, “మీ నీడ కూడా గట్టు దిగుతోంది.”

సఫియా చెయ్యి చటుక్కున మీట మీదికి వెళ్లింది. “ఆపెయ్. ఇది మనకు పనికిరాదు. పాత పద్ధతే నయం, మర్యాదగా ఉంటుంది.”

జీవితంలో ఎప్పుడూ పెద్దవాళ్ల మాటకు అడ్డు చెప్పని ఇందుమతి, ఆ చేతిని పట్టుకుంది.

“ఆపొద్దు మేడం. ఆపితే రేపు ఇంకో బిల్డ్‌తో చిట్టెమ్మ అత్త పడుతుంది. నా మాట మీరు విన్నారు. ఇప్పుడు మీ మాట కూడా విందాం.”

మేడం చెయ్యి మీట మీదే ఆగిపోయింది. లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు. అచ్చం మేడం సవరించుకున్నట్టే.

“ఏమనుకోకండి రత్తమ్మగారూ. ఆ అమ్మాయి ఇచ్చిన గొంతు పోగులో మొదటిసారి విన్నప్పుడు నాకూ ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కన నిలబడి ఎంత ఆశగా చూస్తోందో! బాగుందనకుండా ఎలా ఉండను?”

“మీరూనా అండీ!” అని రత్తమ్మ నీడ పకపకా నవ్వింది.

గదిలో ఉన్న ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.