ఎర్రప్ప కుర్చీ

ఇమ్మానుయేల్‌కు ఆ రోజు దెయ్యాల మీద ధ్యాసే లేదు. ఉన్నదంతా నిద్ర మీదే. అటుమొన్న రాత్రి కర్నూలులో, మొన్న రాత్రి కడపలో, మిషన్ల పక్కన అట్టపెట్టెలు పరుచుకుని పడుకుని లేచిన మనిషి. రాయలసీమ మొత్తానికి వాళ్ల కంప్యూటర్ల కంపెనీకి ఇతనొక్కడే సర్వీసు ఇంజనీరు. యాడ డిస్కు పోయినా ఇతన్నే తరుముతారు. ఇంకో మనిషిని వేస్తాం, వేస్తాం అంటానే ఉన్నారు. వేసిందీ లేదు, పెట్టిందీ లేదు.

రెండువేల ఆరు, దసరా మరుసటి రోజు. అనంతపురం దాటినాక కళ్యాణదుర్గం రోడ్డులో ఒక విత్తనాల కంపెనీ ఉంది. వాళ్ల లెక్కలన్నీ దాచే స్టోరేజీ పెట్టె మొరాయించిందని ఫోన్ వస్తే పొద్దున్నే వచ్చి దిగినాడు. బ్యాగులో ల్యాప్‌టాపు, స్క్రూడ్రైవర్లు, వాటి నడుమ నలగకుండా మడిచిన గులాబీ రంగు గౌను. ఆ సాయంత్రం రాప్తాడులో పాపకు మొదటి పుట్టినరోజు. పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేస్తాడు. పాప పుట్టినప్పుడు ఇతను నంద్యాలలో ఉన్నాడు, పేరు పెట్టినప్పుడు ఆదోనిలో. పొద్దున టిఫిను డబ్బా చేతికిస్తూ భార్య కృపాకుమారి ఈసారి అరవలేదు, ఏడ్వలేదు.

"ఈపొద్దు గూడా రాకుంటే, నువ్వెవరో పాపకు నేనేమని చెప్పల్ల?" అనింది.

పొద్దు గూకేలోపు ఇంట్లో ఉంటానని మాటిచ్చి వచ్చినాడు.

వాచ్‌మన్ సుంకప్ప తలుపు తీసినాడు. బయట ఎర్రదుమ్ము, ఎండిపోయిన చెనక్కాయ చేను. లోపల ఏసీ చలి, ఒక్క కిటికీ లేని గది. కర్పూరం, నలిగిన బంతిపూలు, నిమ్మకాయల వాసన. గుమ్మం బయట ఎవరివో పాత తోలు చెప్పులు దుమ్ముపట్టి ఉంటే, వాటి పక్కన తన బూట్లు విడిచి లోపలికి పోయినాడు.

పెట్టె తలుపు తెరిచి చూసి తల పట్టుకున్నాడు. గూళ్లలో వరసగా ఉన్న ప్రతి డిస్కుకూ కుంకుమ బొట్టు! మేనేజరు పద్మప్రియ భయంభయంగా చెప్పుకొచ్చింది. ఏటా ఆయుధపూజకు పైపైన బొట్టు పెట్టి ఊరుకునేవాళ్లంట, ఎర్రప్ప తాకనిచ్చేవాడు కాదంట. ఎర్రప్ప ఈ గది చూసుకునే ఆపరేటరు. పోయిన ఎండాకాలం ఈ గదిలోనే, పెట్టె ఎదురుగా ఉన్న కుర్చీలో, కూచున్నవాడు కూచున్నట్టే పోయినాడు. ఈసారి అడ్డం చెప్పేవాడు లేక అన్ని డిస్కులూ పెరికి, తడిగుడ్డతో తుడిచి, బొట్లు పెట్టి, చేతికొచ్చిన గూట్లో తోసేసినారు. భక్తికేం తక్కువ లేదు పాపం.

"ఒక్కోదానికి ఒక్కో చోటు ఉంటాది మేడం," అన్నాడు ఇమ్మానుయేల్. "ఈ పాత పెట్టె లోపలేముందో చూడదు. ఏ గూట్లో ఎవరు కూచుంటే, ఆ గూటివాళ్లే అనుకుంటాది."

తడి తగిలి ఒక డిస్కు చచ్చిపోయింది. అందులో లెక్కలు ఇక పోయినట్టేనా అని ఆమె అడిగింది. పోవని చెప్పినాడు. పోయినదాని సంగతి మిగిలినవాటికి తలా కొంచెం తెలుసు, పెట్టె వాటన్నిటినీ అడిగి, కలిపి, ఒక ఖాళీ డిస్కు మీద మళ్లీ రాసేస్తుంది.

"అచ్చం అదేనా?"

"అచ్చం అదే."

ఆమె ఆ కుర్చీ వైపు చూసి, టీ చెప్పడానికి పోయింది.

పెట్టె తనలో దాచుకున్న పాత చిట్టా చూసి, ఏది ఏ గూటిదో తేల్చి, అన్నిటినీ వాటి చోట్లకు చేర్చేసరికి నడినెత్తికి పొద్దొచ్చింది. చచ్చిన డిస్కు తీసి ఖాళీది తోసినాడు. పచ్చదీపం మిణుకుమిణుకుమనింది. రాత మొదలైంది. ఇక అయిపోయేదాకా కాపలా కాయడమే పని. కుర్చీ లాక్కున్నాడు.

"దాంట్లో ఎవరూ కూచోరన్నా," అన్నాడు సుంకప్ప.

"నిలబడే ఓపిక లేదు సుంకప్పా." కూచున్నాడు.

ఇక సుంకప్పకు నోరు ఊరుకోలేదు. ఎర్రప్ప ఎప్పుడూ అడకత్తెరతో టక్‌టక్‌మని వక్క కత్తిరించుకుంటూ ఉండేవాడంట. ఇంటికి పోదువు లెయ్యప్పా అంటే "ఇంకొక్క రవ్వ సేపు" అని పొద్దు గూకేదాకా లేచేవాడు కాదంట. పిల్లల్లేరు, ఈ పెట్టే పిల్ల. టీ తెచ్చిన పద్మప్రియ ఇంకో ముక్క కలిపింది. జ్వరం చూసినట్టు పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూసేవాడంట. భోజనాల వేళకు కంబదూరు నుంచి ఎర్రప్ప భార్య హనుమంతమ్మ వచ్చింది. పండగ వెళ్లినాక ఆయన పోయిన చోట తీపి ఓళిగలు పెట్టిపోతే మనసు కుదుటపడుతుందని క్యారియర్ కుర్చీ కాళ్ల దగ్గర పెట్టింది. కుడిపక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుంటేనే ఆయనకు నిద్ర పట్టేదని, అడక్కుండానే చెప్పింది. ఇమ్మానుయేల్ కళ్లు మూతలు పడుతుండగా అన్నిటికీ ఊఁ కొట్టినాడు. వాళ్లు తలుపు దగ్గరగా వేసి బయటికి పోయినారు.

కరెంటు పోయింది.

ఏసీ ఆగిపోయింది. బ్యాటరీ మీద పెట్టె మాత్రం ఊపిరి తీస్తున్నట్టు గుయ్‌మంటోంది. చీకట్లో పచ్చదీపం ఒక్కటే. కర్పూరం వాసనలో ఇంకేదో వాసన కలిసింది... వక్కా, సున్నం.

టక్.

కొత్త డిస్కు చప్పుడు చెయ్యకూడదే. లేచి చూడాలనుకున్నాడు. కాళ్లు రాలేదు.

టక్... టక్.

చప్పుడు పెట్టెలోంచి కాదు. తన ఒళ్లోంచి. తన చేతుల్లోంచి.

ఎప్పుడో అమ్మ నేర్పిన ప్రార్థన ఎత్తుకున్నాడు. సగంలో మాట దొరకలేదు. మళ్లీ మొదలుపెట్టినాడు. ఈసారి మొదటి మాటే దొరకలేదు. కృప ముఖం తలుచుకున్నాడు. ముక్కుపుడక కనబడింది... అదీ జారిపోయింది. పాప పేరు. పాప పేరేంది? గౌను కొన్నా కదా... ఎవరికి?

"ఇంకొక్క రవ్వ..." ఎవరో గుసగుసగా అన్నారు.

కదిలినవి తన పెదాలే.

కరెంటు వచ్చేసరికి పెట్టెలో దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. రాత పూర్తయింది. సుంకప్ప తలుపు తోసి చూస్తే మనిషి లేచి నిలబడి, పెట్టె మీద అరచెయ్యి పెట్టి ఉన్నాడు. హనుమంతమ్మ క్యారియర్ ఖాళీ. కృప కట్టిచ్చిన టిఫిను డబ్బా మూత తియ్యకుండా అట్లే ఉంది. పద్మప్రియ సంతోషంగా దండాలు పెట్టింది. అతను తలూపి, బ్యాగూ ఆ ఖాళీ క్యారియరూ పట్టుకుని, గుమ్మం దాటి, ఆ తోలు చెప్పుల్లో కాళ్లు పెట్టినాడు. సరిగ్గా సరిపోయినాయి. అవి ఎర్రప్ప చెప్పులని తెలిసిన సుంకప్ప రెండడుగులు వెనక్కి వేసినాడు. బూట్లు గుమ్మం దగ్గరే ఉండిపోయినాయి.

అనంతపురం పోయే బస్సు ఆఫీసు ముందే ఆగుతుంది. అక్కడ ఎక్కి, ఊళ్లో దిగి, రాప్తాడు బస్సు పట్టుకుంటే పొద్దుండగానే ఇల్లు చేరొచ్చు. ఆ బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. అతను రోడ్డు దాటి అవతల పక్క నిలబడినాడు. హనుమంతమ్మ అక్కడ బస్సు కోసం చూస్తోంది. అతని చెప్పులు చూసింది, ముఖం చూసింది. కళ్యాణదుర్గం మీదుగా కంబదూరు పోయే బస్సు ఎక్కినాక సీటు మీద కొంచెం జరిగి చోటిచ్చింది.

"కంబదూరు, రెండు," అన్నాడు కండక్టరుతో.

జేబులో ఫోన్ మోగింది. కృపాకుమారి అని ఉంది. ఎవరబ్బా అనుకుంటూ ఎత్తినాడు. అవతల ఎవరో పాట పాడుతున్నారు, పసిబిడ్డ ఏడుస్తోంది.

"యాడుండావు? పాస్టరయ్య వచ్చి కూచున్నాడు."

"తప్పు నంబరమ్మా," అన్నాడు నెమ్మదిగా.

అవతల పాట ఆగిపోయింది. ఆ ఆడమనిషి "ఎవరన్నా నువ్వు? మా ఆయన ఫోను నీ దగ్గరికెట్లొచ్చె?" అనింది.

అతను ఫోన్ కట్ చేసినాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. బ్యాగులోంచి గులాబీ రంగు గౌను కొస బయటికొచ్చి ఉంటే హనుమంతమ్మ లాగి, ఒళ్లో పరిచి చూసింది. ఎవరిది ఇది అని అడిగింది. తెలీదన్నాడు. మనకు బిడ్డల్లేరు కదా అని ఆమె దాన్ని మడిచి ఖాళీ క్యారియర్ సంచిలో పెట్టుకుంది.

"అలిసిపోయినావు, పడుకో," అనింది.

అతను కుడిపక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని కళ్లు మూసినాడు. వెంటనే నిద్ర పట్టింది. ఫోన్ మళ్లీ మోగింది, మోగుతానే ఉంది. అతను లేవలేదు. నిద్రలోనే కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, ఆమె కొంగుతో తుడిచే కొద్దీ కారుతానే ఉన్నాయి.