పిండాన్ని మింగిందెవరు?

అమావాస్య... అసురసంధ్య! కరెంటింకా రాని బట్లహళ్ళి మీద కారుమబ్బులు కమ్ముకున్నాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఉరిమింది. పశువులపాక కప్పు మీద గుడ్లగూబ వికృతంగా కూసింది!

పాకలో, కుంకుమ ముగ్గు నడుమ, లక్ష్మీనరసమ్మ చాప మీద పడి ఉంది. ఆమెకు నాలుగో నెల గర్భం ఆ ఉదయమే జారిపోయింది. ఇది మూడోది! రుధిరం ఆగడం లేదు... చీర తడిసి, చాప తడిసి, మట్టినేల ఎర్రబడుతోంది.

ఆమె తల దగ్గర ఒక కపాలం! దాని వెనుక, నిప్పుకణికల్లాంటి కళ్ళతో మాంత్రికుడు బైరప్ప!

"అమ్మా, బండి కడతాను. చింతామణిలో డాక్టరమ్మ ఉండాది," అన్నాడు భర్త మునికృష్ణప్ప.

"గడప దాటితే చస్తాది!" గర్జించాడు బైరప్ప. "చచ్చిన నీ మొదటి పెండ్లాం రామలక్ష్మమ్మే పిండాలు తింటాండాది. వేరు మందు తాపించండి, అది వదిలిపోతాది!"

"సామి చెప్పినట్టు విను నాయనా," అంటూ తల్లి అంజనమ్మ కషాయం ముంత అందుకుంది. మునికృష్ణప్ప గడప దగ్గరే ఆగిపోయాడు.

"వద్దత్తా..." లక్ష్మీనరసమ్మ మూలిగింది. "గర్భం నిలవాలని ఆ వేరు తాపినప్పుడంతా నాకు నెత్తురు పడతాండాది..."

ఎవరూ వినలేదు. ముంత ఆమె పెదవులను తాకింది.

ఫెళ్ళున పిడుగు! లక్ష్మీనరసమ్మ దేహం విల్లులా వంగింది. కనుగుడ్లు తేలిపోయాయి. వెలువడింది ఆమె గొంతు కాదు!

"ఒరే బైరప్పా! పిండాలు తినింది నేనా? నీ కపాలానికి నెత్తురు కావాలని నాకూ ఈ వేరే తాపిస్తివి కదరా! నెత్తురు కారి కారి చస్తిని! ఇప్పుడు నువ్వు తాగు!"

అది రామలక్ష్మమ్మ స్వరం! ముంత గాలిలోకి లేచింది. అదృశ్య హస్తమేదో బైరప్ప దవడలు విప్పి, చివరి చుక్కదాకా పోసింది. మంత్రం పలకబోయిన నోట నెత్తురు పొంగింది.

"తల్లీ... వదులు!"

కపాలం భళ్ళున పగిలింది. బైరప్ప దాని మీదే కుప్పకూలాడు... మళ్ళీ లేవలేదు!

తెల్లవారేసరికి బండి చింతామణి చేరింది. డాక్టరమ్మ చాలాసేపటికి బయటికొచ్చింది.

"ఆ వేరే పిండాన్ని జార్చిందప్పా. లోపల కొంత మిగిలిపోయి రక్తం ఆగలేదు. మనిషి బతుకుతుంది. కానీ లోపలంతా పుండైంది. ఇక గర్భం నిలవదు."

అంజనమ్మ గోడకు జారగిలబడింది.

లోపల మంచం మీద నుంచి లక్ష్మీనరసమ్మ డాక్టరమ్మను మెల్లగా అడిగింది. "అమ్మా... నాలో దోషమేమన్నా ఉండాదా?"

"నీ దోషం ఏమీ లేదు తల్లీ."

అప్పుడు ఏడ్చింది, ఆసుపత్రంతా వినపడేలా. మునికృష్ణప్ప చెయ్యి చాచాడు... ఆమెను తాకలేకపోయాడు.