చిత్రం వెనక ఆదివారం

నుదురు నేలకు ఆనించి ప్రార్థించిన మనిషి, లేచి చెప్పులు వేసుకున్నంత తేలిగ్గా అబద్ధమాడవచ్చా? ఇరవై మూడేళ్లుగా విగ్నోను తొలుస్తున్న సందేహం ఇది. మసీదులో పెద్దాయనను అడుగుదామంటే ముందు తన ఉద్యోగం ఏమిటో చెప్పాలి. అది చెప్పకూడదు. భార్యకు తెలిసినంతవరకు అతను కస్టమ్స్ ఆఫీసులో గుమాస్తా.

ఆ ఆదివారం జకార్తాలో మధ్యాహ్నం ప్రార్థన ముగించి మెట్లు దిగుతుండగా నడుముకున్న పేజర్ మోగింది. రెండే మాటలు: "దురియన్ పండింది."

పావుగంటలో అతను ఒక పూలకొట్టు వెనక గదిలో చీఫ్ హసిబువాన్ ఎదుట ఉన్నాడు.

"కూర్చోకు, టైమ్ లేదు," అన్నాడు చీఫ్. "ఆయుధాల స్మగ్లర్ల ఓడల్లో మనవాళ్లు పదకొండు మంది పనివాళ్లుగా ఉన్నారు. వాళ్ల పేర్ల జాబితా మన ఆఫీసు నుంచే పోయింది. మైక్రోఫిల్మ్."

"ఎక్కడుంది సార్?"

"నాలుగింటికి హోటల్లో బొమ్మల వేలం. చిత్రకారుడు దర్మోబ్రోతో. చనిపోయి ముప్పై ఏళ్లు. ఆయనవి మూడు బొమ్మలు వస్తున్నాయి. వేలం నంబర్లు నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. ఒకటి నకిలీ. ఫిల్మ్ అందులో ఉంది. కొనేవాడు క్రెయిల్ అనే విదేశీయుడు. డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్. సుత్తి పడిన క్షణం నుంచి బొమ్మ వాడిది. మనం ముట్టుకోలేం."

"ఇప్పుడే జప్తు చేస్తే?"

"కోర్టు ఆర్డర్ తెమ్మన్నారు. ఇవాళ ఆదివారం."

విగ్నో ఒక అడుగు దగ్గరికి జరిగాడు. "ఆ పదకొండు మందిలో... మా అల్లుడు?"

చీఫ్ గోడ వైపు చూశాడు. "ఆరో పేరు."

విగ్నో కూతురికి ఏడో నెల. శుక్రవారం సీమంతంలాంటి వేడుక, ఒకదాని తర్వాత ఒకటి ఏడు చీరలు కట్టించి చూస్తారు. ఇంట్లో భార్య, కూతురు ఆ ఏడు బాతిక్ చీరలు పరుచుకుని ఏది ముందు కట్టాలో వాదించుకుంటున్నారు. అల్లుడు జాత్మికో సరుకుల ఓడలో వంటవాడని వాళ్ల నమ్మకం. ఈ గూఢచారి పనిలో పెట్టించింది విగ్నోయే.

"ఈ పెన్ను తీసుకో," అన్నాడు చీఫ్. "ఫిల్మ్ సూదంత రేకు గొట్టంలో ఉంటుంది. లోహం దగ్గరకొస్తే పెన్ను వణుకుతుంది. క్యాప్ తిప్పితే బ్లేడు."

"పోయినసారి ఇచ్చిన వాచీ వానకు ఆగిపోయింది సార్."

"అందుకే ఈసారి పెన్ను. నకిలీ ఏదో క్రెయిల్ వెంట ఉండే విదూరి చెబుతుంది."

విగ్నో ముఖం ముడుచుకుంది. "ఆవిడ ఇటూ అటూ జీతం తీసుకుంటుంది సార్."

"తెలుసు. మనం ఇచ్చేదే తక్కువ. నా భయం కూడా అదే."

* * *

నాలుగుకు పది నిమిషాలు. అతికించిన మీసం, తెల్ల గ్లౌజులు, మోతగాళ్ల నీలం చొక్కా. హాలు వెనక తెరచాటున గోడకు ఆనించిన బొమ్మల పక్కన విగ్నో నిలబడ్డాడు.

"కొత్తోడివా?" అన్నాడు పాత మోతగాడు త్రిమో. "జాగ్రత్త. ఒక్కటి జారిందంటే నీ మునిమనవలు కూడా ఇక్కడే బొమ్మలు మోస్తారు. అయినా చూడు, ఆ ముసలాయన బతికున్నప్పుడు రంగులు కొనుక్కోలేక పిండిసంచుల గుడ్డ మీద గీశాడట. ఇప్పుడేమో కోట్లు! ఆయనకి ఒక్కపూట అన్నం పెట్టినవాడు ఈ హాల్లో ఉన్నాడా?"

 తెర తొలగి విదూరి లోపలికి వచ్చింది. ఆకుపచ్చ కెబాయా రవిక, జడలో మల్లెలు. ఒకప్పుడు రేడియో గాయని, ఇప్పుడు బొమ్మల సలహాదారు. ఆమె భుజానికి భుజం ఆనించి క్రెయిల్ మనిషి ఉన్నాడు. వాడి కుడిచేయి కోటు జేబులోనే ఉంది.

ఆమె విగ్నో కళ్లలోకి చూసింది. "నలభై ఒకటి భద్రంగా తీసుకురా నాయనా," అంది. "నా ప్రాణమంతా దాని మీదే."

వెళ్లిపోయింది.

విగ్నో నలభై ఒకటిని వెనక్కి తిప్పి పెన్ను ఆనించాడు. వణికింది. పక్కకు జరిపాడు, మళ్లీ వణికింది. చట్రం నిండా తుప్పు మేకులు! పెన్ను ప్రతి మేకుకూ వణుకుతోంది.  గుడ్డ బిగువుగా ఉండటానికి చట్రం మూలల్లో దిగగొట్టిన చెక్క చీలలు ఎనిమిది. గొట్టం దాగితే వాటిలోనే దాగాలి. బ్లేడుతో ఒక్కొక్కటే లాగాడు. అన్నీ గట్టి చెక్క, అన్నీ పాతవే. ఏడు తిరిగి దిగ్గొట్టాడు. ఎనిమిదోది కొట్టేలోపే త్రిమో బొమ్మ లాక్కుని స్టేజీకి పరిగెత్తాడు. ఆ చీల విగ్నో గుప్పిట్లోనే మిగిలింది.

నలభై ఒకటిలో లేదు. ఆమె అమ్ముడుపోయింది.

"దొరికిందా?" చెవిలో దాచిన చిన్న రేడియోలో చీఫ్ గొంతు.

"లేదు సార్. ఆవిడ అబద్ధం చెప్పింది."

 "విగ్నో, నీ ఇష్టం. ఏదైనా చెయ్యి."

బయట సుత్తి పడింది. నలభై ఒకటి క్రెయిల్‌దే. ఎవరికీ అనుమానం రాకుండా వాడు మూడూ కొంటున్నాడు. త్రిమో వగరుస్తూ వచ్చి నలభై రెండు ఎత్తుకుపోయాడు.  కూతురు కట్టుకోబోయే ఏడో చీర కళ్ల ముందు కదిలింది. 'దేవుడా, అబద్ధాలు ఆడింది నేను. ఆ పిల్లవాడు కాదు.'

నలభై మూడును వెనక్కి తిప్పాడు. వాగు దాటుతున్న తల్లి బొమ్మ. వెనక గుడ్డ మీద, దర్మోబ్రోతో అలవాటు ప్రకారం, బొగ్గుతో తేదీ: 1949 జనవరి 23, ఆదివారం, పోన్.

 అది విగ్నో పుట్టిన తేదీ.

జావాలో ఏడు రోజుల వారంతో పాటు పోన్, లెగి లాంటి పేర్లతో ఐదు రోజుల సంతవారం కూడా నడుస్తుంది. ఆ రెండూ కలిసిన రోజే మనిషి జన్మవారం. తిండి మరిచిపోయినా దాన్ని ఎవరూ మరిచిపోరు. అతని తల్లి చనిపోయేదాకా ముప్పై అయిదు రోజులకొకసారి కొడుకు కోసం ఉపవాసం ఉండేది, ఆదివారం లెగి నాడు. లెగి! పోన్ కాదు. యోగ్యకర్త వీధుల్లో పెరిగిన చిత్రకారుడు తను బొమ్మ గీస్తున్న రోజు ఏ సంతవారమో తప్పు రాయడు. ఇది నకిలీ.

నలభై రెండుకు సుత్తి పడింది. త్రిమో చేయి చాపేలోపే విగ్నో నలభై మూడును ఎత్తుకున్నాడు. "నేనే తీసుకెళ్తా అన్నా, ఒక్కసారి స్టేజీ ఎక్కనీ!"

"ఎక్కు, ఎక్కు! నిన్నేమైనా కొంటారేమో చూస్తా!"

దీపాల వెలుగులో విగ్నో బొమ్మను రొమ్ముకు ఎత్తి పట్టుకున్నాడు. మూడు వందల కళ్లు బొమ్మ ముందు వైపు. అతని వేళ్లు వెనక వైపు.

"నలభై కోట్లు... నలభై అయిదు..." క్రెయిల్ చేయెత్తుతూనే ఉన్నాడు.

వేళ్లు చీలలను తడుముకున్నాయి. గరుకు, గరుకు, గరుకు. కింది ఎడమ మూల: నున్నగా, కొత్తగా. బ్లేడు దూర్చాడు. కదల్లేదు. బొటనవేలు తెగింది. గ్లౌజులో వెచ్చగా రక్తం.

"అరవై కోట్లు. ఒకటోసారి."

బొమ్మ వణికింది. ముందు వరసలో క్రెయిల్ కనుబొమలు ముడిపడ్డాయి.

"రెండోసారి."

విగ్నో దగ్గాడు. ఆ కుదుపుతో బలమంతా పెట్టి లాగాడు. చీల అరచేతిలో పడింది. గుప్పిట్లో దాచుకున్న నలభై ఒకటి తాలూకు చీలను ఆ కంతలో నొక్కాడు.

సుత్తి పడింది.

* * *

రేవుకు వెళ్లే దారిలో, ఇంకా ఎండ ఉండగానే, నీలం గుడ్డ కప్పిన తినుబండారాల కొట్టు ముందు కారు ఆగింది. విదూరి ఇప్పుడు మామూలు పూల చీరలో, తలకు ముసుగుతో ఉంది. చీఫ్ ఇచ్చిన కొత్త పేరు, కొత్త కాగితాలు. ఆమె ఎక్కాల్సిన ఓడకు ఇంకా గంట.

"వాడి పిస్టల్ నా పక్కటెముకల్లో ఉంటే నిజం ఎలా చెప్పమంటారు?" అంది. "జావా లెక్కలో తేదీ ఏం రాయాలని నకిలీ చేసినవాడు నన్నే అడిగాడు. మీ ఫైలు నాకు బాగా గుర్తుంది మాస్ విగ్నో. మీ పుట్టినరోజు ఇచ్చాను, సంతవారం మార్చాను. మీ అమ్మగారు ఉపవాసాలు ఉండకపోతే ఈపాటికి పదకొండు మంది పోయేవారు."

 "హాల్లో నిన్ను తిట్టుకున్నాను జెంగ్ విదూరి," అన్నాడు విగ్నో.

"అలవాటే. సురబాయలో నేనూ మిమ్మల్ని తిట్టుకున్నాను. పదకొండేళ్లయింది. 'నీకు మంచి సోతో సూప్ తినిపిస్తా' అని కూర్చోబెట్టి, చేతులు కడుక్కొస్తానని వెనక గుమ్మంలోంచి మాయమయ్యారు."

"ముందు గుమ్మం దగ్గర ఇద్దరు తుపాకులతో ఉన్నారు."

"నాకు ఆకలిగా ఉంది."

విగ్నో దిగి, ఆమెను కొట్టులో బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. కోడి సోతో ఒక గిన్నె చెప్పి, కట్టు కట్టిన వేలితోనే నిమ్మకాయ పిండి, తనే తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె తింటున్నంతసేపూ గుమ్మం వైపు చూడకుండా, బల్ల వదలకుండా కూర్చున్నాడు.

విదూరి ఆఖరి చెంచా తాగి, మూతి తుడుచుకుని, ఖాళీ గిన్నె అతని వైపు జరిపింది.

"చెల్లు. ఇక వెళ్లి చేతులు కడుక్కోండి."