మీట మీద చెయ్యి

"హలో... హలో... వన్... టూ... త్రీ..."

టీచరమ్మకి ఆ రోజు కూడా ఆ గొంతుతోనే తెల్లారింది. కాఫీ కప్పు పట్టుకుని ముందుగదిలోకి వచ్చి, నల్లటి బాక్సులకీ స్టాండ్లకీ కేబుల్ చుట్టలకీ మధ్య అడుగు ఎక్కడ వెయ్యాలా అని వెతుక్కుంది. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆ గదిలో ఆమె తిన్నగా నడిచిన రోజు లేదు.

"ఆ హలో ఎవరికండీ? ఉన్నది మనిద్దరం. నేను పిలిస్తే మీకు వినపడదు, మీరు పిలిస్తే వీధి చివరిదాకా వినపడుతుంది."

మైకాయన నవ్వి కప్పు అందుకున్నాడు. వీధిలో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. సభలకీ సమావేశాలకీ మైకులు అద్దెకిస్తాడు. బాక్సుల పక్కన నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. కూతురు పోరుపెట్టి చెవి మిషను పెట్టించింది. వినడానికి అది ఎంత పనికొచ్చిందో గానీ, వినకపోవడానికి మాత్రం బాగా పనికొస్తోంది.

"ఈ మధ్యాహ్నం సభ పెద్దదే. రెండు పక్షాలూ కలిసి మన మైకే మాట్లాడుకున్నాయి," అన్నాడు గర్వంగా.

సభ దేని గురించో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఇద్దరు ఆడవాళ్ళైనా ఇద్దరు మగవాళ్ళైనా పెళ్ళి చేసుకోవచ్చంటూ రాబోతున్న చట్టం గురించి దేశమంతా వాదించుకుంటోంది. టీవీలో అదే, బస్సులో అదే, టీచరమ్మ బళ్ళో స్టాఫ్‌రూములో అదే. నిన్న సోషల్ మేష్టారు ఆ వాదనలో పడి చెంచా అనుకుని సుద్దముక్కతో టీ కలుపుకున్నాడు.

"మన పిట్ట కూడా మాట్లాడుతోందట," అంది టీచరమ్మ.

మైకాయన చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. మిషను తీశాడు. చొక్కా జేబులో వేశాడు. జేబు గుండీ పెట్టాడు.

"అయితే మీ జేబుకి చెప్పనా? మీరు కాకపోతే అదైనా వింటుంది!" అని అరిచింది.

ఆయన కిటికీలోంచి చూస్తూ కాఫీ తాగాడు.

పిట్ట వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఆస్పత్రిలో నర్సు. చిన్నప్పుడు సన్నగా, కీచుగొంతుతో ఉండేదని బాబాయి పెట్టిన పేరు అది. కొన్నేళ్ళుగా ఒక పళ్ళ డాక్టరమ్మతో కలిసి ఉంటోంది. ఇద్దరూ ఒకరికొకరు ఏమిటో పిట్ట తల్లికి చెప్పింది. తండ్రికీ చెప్పబోయింది, ఒకసారి కాదు. చెప్పబోయినప్పుడల్లా జేబు గుండీ పడింది.

సామాను ఎక్కించే మనిషికి జ్వరమని తెలిసి, కాసేపటికి ఆ ఇద్దరూ సాయానికి వచ్చారు. పిట్ట వస్తూనే మిషను కోసం తండ్రి చెవి వైపు చూసింది. గుండీ పెట్టిన జేబు వైపు చూసింది. తన వేలితో జేబు మీద తట్టింది. ఆయన నసుగుతూ మిషను మళ్ళీ పెట్టుకున్నాడు.

"పెద్ద బాక్సు ముట్టుకోకు నాన్నా, నీ నడుం సంగతి నాకు తెలుసు," అంది పిట్ట.

డాక్టరమ్మ వంగి కేబుల్ చుట్ట ఎత్తబోయింది.

"అది వదిలెయ్యండి డాక్టరమ్మా," అన్నాడు మైకాయన గబగబా. "కేబుళ్ళు ఇంట్లోవాళ్ళే ముట్టుకుంటారు. బయటివాళ్ళు మోచేతికి చుట్టేస్తారు, లోపల మెలిపడి తీగ తెగుతుంది. మరోలా అనుకోకండి."

"ఫరవాలేదంకుల్," అని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

టీచరమ్మకి ఒళ్ళు మండింది. మొన్నీమధ్య ఈయన పుచ్చుపన్ను పీకింది ఆ పిల్లే. నోరంతా తెరిచి ఆమె చేతుల్లో పెట్టిన మనిషి, ఒక్క కేబుల్ చుట్ట పెట్టలేడు!

పిట్ట మొహం ముడుచుకుంది. "మధ్యాహ్నం నేను మాట్లాడతాను నాన్నా. వింటావా?"

"మైకు ఇచ్చేవాడికి అభిప్రాయం ఉండకూడదమ్మా. ఎవరు మాట్లాడినా సౌండు ఒకటే. మొదట్నుంచీ నా పద్ధతి అది."

"అభిప్రాయం అడగలేదు. వింటావా అని అడిగాను."

ఆయన స్టాండు మరలు బిగించడంలో మునిగిపోయాడు. అప్పటికే బిగించి ఉన్నవే.

హాలు నిండిపోయింది. వెనక గోడ దగ్గర బల్ల మీద సౌండు పెంచి తగ్గించే మీటల మిక్సరు పెట్టుకుని మైకాయన, ఆయన పక్కన చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని టీచరమ్మ కూర్చున్నారు. పని మొదలైతే ఆయన చెవి మిషను తీసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాడు, సౌండు తనకు సరిపడా పెంచుకుంటాడు. అప్పుడిక స్టేజీ మీద ఎవరు గొంతు సవరించుకున్నా ఆయనకి తెలిసిపోతుంది. లోకంలో ఆయన బాగా వినేది ఆ బల్ల దగ్గరే.

అంతకుముందే స్టేజీ ఎక్కి వక్తలందరికీ తనే కాలర్ మైకులు తగిలించి వచ్చాడు. కూతురి దగ్గరికి వచ్చేసరికి మొహం చూడకుండా కాలరు మాత్రమే చూశాడు.

"ఏదో ఒకటి మాట్లాడమ్మా, చూద్దాం."

"నాన్నా. నాన్నా. నాన్నా," అంది పిట్ట మైకులోకి.

"బానే ఉంది," అని దిగిపోయాడు.

ముందు చట్టం వద్దనే పక్షం పెద్దాయన మాట్లాడాడు. తెల్లకోటు, మెత్తని గొంతు. "నాకెవరి మీదా కోపం లేదు. ఒకటే మాట. ఇది టీవీల్లో గొడవ గానీ మన ఇళ్ళల్లో గొడవ కాదు. మనం కుటుంబాలతో బతికేవాళ్ళం. మీలో ఎవరింట్లోనైనా అలాంటివాళ్ళు ఉంటే చేతులెత్తండి. మొహమాటం లేదు, ఎత్తండి."

ముందు వరసలో ఒకమ్మాయి చెయ్యి సగం లేపి, ఆ చేత్తోనే జుట్టు సర్దుకుంది. మూడో వరసలో డాక్టరమ్మ ఒక్కతే చెయ్యి పూర్తిగా ఎత్తింది. తిన్నగా, పైకి.

"ఒక్కరా? ఇంత హాల్లో ఒక్కరు!" అన్నాడు పెద్దాయన. జనం నవ్వారు.

స్టేజీ మీదినుంచి పిట్ట వెనక గోడ వైపు చూసింది. తల్లి చేతులు సంచి మీద ఉన్నాయి. తండ్రి చెయ్యి మీట మీద ఉంది.

సభ నడిపే ఆయన టీ విరామం అన్నాడో లేదో, పిట్ట స్టేజీ వెనక మెట్లు దిగి వెళ్ళిపోయింది. టీచరమ్మ సంచి సర్దుకుంటూ పరిగెత్తింది. వెనక నడవాలో విరిగిన కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. పిట్ట వాటికి ఆనుకుని నిలబడింది.

"చెయ్యి నొప్పా అమ్మా?"

"అది కాదే, మీ నాన్న పక్కనే..."

"నాన్న మీట పట్టుకున్నాడు. నువ్వు సంచి పట్టుకున్నావు. అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంది. ఖాళీ చేతులతో వచ్చింది డాక్టరమ్మ ఒక్కతే!"

"చాల్లేవే!" టీచరమ్మకి ఒక్కసారిగా పొంగుకొచ్చింది. "నీకు కోపమొస్తే తలుపు వేసుకుని మీ ఇంటికి పోతావు. ఆయనకి కష్టమొస్తే మిషను తీసి జేబులో పెట్టుకుంటాడు. నేనేం తియ్యను? నాకు రెండు చెవులూ పనిచేసి చచ్చాయి! మీ ఇద్దరి మధ్యా వైరులా పడి ఉన్నాను. ఇటు వచ్చేటప్పుడు నువ్వు తొక్కుతావు, అటు పోయేటప్పుడు ఆయన తొక్కుతాడు. ఆయన్ని నేనొక్కదాన్నీ ఎంతకని లాక్కురాను, చెప్పు?"

పిట్ట తల దించుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు.

"అమ్మా, బాబాయి పోయినరోజు నువ్వు ఆలస్యంగా వచ్చావు. నీకు తెలీదు."

మైకాయన తమ్ముడు పోయి ఏడాది అయింది. మేడమీద గదిలో క్లారినెట్ వాయించే ఆయనతో కలిసి ఉండేవాడు, ఇద్దరికీ జుట్టు నెరిసేదాకా. అద్దె కలిసొస్తుందని ఉంటున్నారని ఇంట్లో అందరూ అనేవారు. పోయాక ఆ గదికి తాళం వేశారు. టీచరమ్మ ఇప్పటికీ మేడ ఊడవడానికి వెళ్ళినప్పుడు ఆ తలుపు దాకా వెళ్ళి ఆగిపోతుంది.

"వార్డు గుమ్మం దగ్గర మా పెద్ద నర్సు క్లారినెట్ ఆయన్ని ఆపింది. లోపలికి బంధువుల్నే పంపాలి, పేషెంటుకి మీరేమవుతారు అని అడిగింది. ఆయన నాన్న వైపు చూశాడు. నాన్న ఏదో ఒకటి చెప్తాడని. ఏదైనా సరే. నేను లోపల బాబాయి చెయ్యి పట్టుకుని ఉన్నాను, తలుపు అద్దంలోంచి అంతా కనిపిస్తూనే, వినిపిస్తూనే ఉంది. నాన్న మిషను తీసి జేబులో పెట్టుకున్నాడు."

"పిట్టా..."

"'ఏమీ అవనండి' అనేసి క్లారినెట్ ఆయన మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నాడు. బాబాయి అడుగుతూనే పోయాడమ్మా, వచ్చాడా అని." పిట్ట మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. "రేపు నాకేమన్నా అయితే డాక్టరమ్మ వస్తుంది. ఎవరో గుమ్మం దగ్గర అడుగుతారు. నాన్న అక్కడే ఉంటాడు. చట్టం ఇవాళ కాకపోతే మరోరోజు వస్తుంది, దాని గురించి నాకు బెంగ లేదు. నాన్న జేబు గుండీ అంటేనే భయం. ఆయన నన్ను మెచ్చుకోనక్కర్లేదు. ఆ గుమ్మం దగ్గర ఒక్క మాట అంటే చాలు. ఈ పిల్ల మాది అని."

టీచరమ్మ కూతుర్ని దగ్గరికి తీసుకుంది. చెంప కాలరుకి ఆనింది. గట్టిగా ఏదో గుచ్చుకుని చూస్తే, కాలర్ మైకు. నడుముకి తగిలించిన డబ్బా మీద చిన్న పచ్చలైటు వెలుగుతోంది.

"అయ్యో, ఇది ఆన్‌లోనే ఉందే!"

ఇద్దరూ స్టేజీ పక్కకి వచ్చి తెర సందులోంచి హాల్లోకి చూశారు. జనం టీలు తాగుతున్నారు. తెల్లకోటు పెద్దాయన బిస్కెట్ ముంచుకుంటున్నాడు. బాక్సులు నిశ్శబ్దంగా ఉన్నాయి. ఎవరూ ఏమీ వినలేదు.

వెనక గోడ దగ్గర మైకాయన నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి మీటని పూర్తిగా కిందికి లాగి పట్టుకుని ఉంది. హాలుకి వినపడకుండా మూశాడు. తనకి మూసుకోలేదు. తల మీదినుంచి హెడ్‌ఫోన్స్ తీసెయ్యడం ఆయనకి ఎంతసేపు? కానీ రెండో చెయ్యి వాటిని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంటోంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. మొహమంతా తడి.

టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆయన ఆమె వైపు చూడలేదు.

గంట మోగింది. పిట్ట పేరు పిలిచారు. ఆమె లేచి నోరు తెరవబోయేంతలో బాక్సుల్లోంచి వేరే గొంతు వచ్చింది.

"హలో... హలో..."

అందరూ వెనక్కి తిరిగారు. మైకాయన టెస్టింగు మైకు పట్టుకుని ఉన్నాడు.

"మైకు ఇచ్చేవాడు మాట్లాడకూడదండి. నేనెప్పుడూ మాట్లాడలేదు. ఇందాక పెద్దాయన చేతులెత్తమన్నారు. నా చెయ్యి మీట మీదుంది. ఇప్పుడు తీశాను." చెయ్యి ఎత్తాడు. "మా ఇంట్లో ఉన్నారండి. మా తమ్ముడు ఉండేవాడు. వాడికోసం వచ్చిన మనిషిని నేను గుమ్మం బయట నిలబెట్టాను. మాట్లాడబోయేది మా అమ్మాయి. ఆ మూడో వరసలో ఉన్న డాక్టరమ్మ..." ఆమె వైపు తిరిగాడు. "ఆ పిల్ల కూడా మాదే."

"ఇదేం పద్ధతండీ? మైకు మనిషి మాట్లాడటమేంటి?" అని తెల్లకోటు లేచాడు.

"ఎత్తమని అడిగింది మీరే కదండీ, కూర్చోండి!" అంది టీచరమ్మ. అల్లరి క్లాసుల్ని అణిచిన గొంతు అది, మైకు లేకుండానే చివరి వరస దాకా వెళ్ళింది. ఆయన కూర్చున్నాడు. ఆమె చెయ్యెత్తింది. సంచి ఒళ్ళోంచి జారి కింద పడింది, అందులోని తాళాలూ కళ్ళజోడూ నేల మీద దొర్లాయి, ఆమె వంగలేదు. ముందు వరసలో అమ్మాయి ఈసారి జుట్టు సర్దుకోలేదు.

"అంతేనండి," అన్నాడు మైకాయన. "సౌండు బానే ఉంది. మాట్లాడమ్మా, వింటున్నాను."

సభ ఏమీ తేల్చలేదు. అరిచేవాళ్ళు అరిచారు, చప్పట్లు కొట్టేవాళ్ళు కొట్టారు, పెద్దాయన ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఖాళీ కుర్చీల మధ్య సామాను మిగిలింది, నలుగురూ మిగిలారు.

మైకాయన హెడ్‌ఫోన్స్ తీసి పెట్టెలో పెట్టాడు. నేల మీద పాములా పడి ఉన్న పొడుగాటి కేబుల్ కొస ఎత్తి డాక్టరమ్మ వైపు విసిరాడు.

"మోచేతికి చుట్టకు."

డాక్టరమ్మ అందుకుంది. ఒక చుట్ట పైనుంచి, ఒక చుట్ట కిందినుంచి, మెలి పడకుండా చకచకా చుట్టింది. మైకాయన కళ్ళప్పగించి చూశాడు.

"ఎవరు నేర్పారు?"

"పిట్టే. ఇంట్లో ఇస్త్రీపెట్టె వైరు కూడా ఇలాగే చుట్టాలి, లేకపోతే గొడవ. నేర్చుకుని చాలా రోజులైందంకుల్. మీరే ఎప్పుడూ..." అని ఆగిపోయింది.

ఆమె పెదాలు కదలడం కనిపించింది గానీ మాట ఆయనకి అందలేదు. జేబు గుండీ తీశాడు. మిషను చెవికి పెట్టుకున్నాడు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు. మొదట్నుంచీ చెప్పు. రేపు క్లారినెట్ ఆయన దగ్గరికి వెళ్దాం, నువ్వు కూడా రావాలి. ముందు ఇది చెప్పు."

పిట్ట ఇంకో కేబుల్ చుట్టడం ఆపి నిలబడిపోయింది.

"మొదట్నుంచీ అంటే తెల్లారుతుంది!" అంది టీచరమ్మ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "ఆ సామాను ఎవరు ఎక్కిస్తారు, నేనా?"

ఎవరూ కదల్లేదు. ఆమె వాళ్ళ మధ్యలో ఉన్న పెద్ద బాక్సు మీద కూర్చుంది.