గుండె మీద ‘అండి’

…పైగా ‘నువ్వు’ అనుకుందామా అని అడిగింది తెక్లానే, మర్నాడు మళ్ళీ ‘మీరు’ అన్నదీ తనే. ఇచ్చిన మాట తెల్లారేసరికి వెనక్కి తీసుకుందంటే లోపం ఎక్కడున్నట్టు? గొంతులోనా? ఎంత కడిగినా చేతులకి పోని ఈ లవంగాల వాసనలోనా? లోరెంజ్ ఈ ముడిని రెండో శీతాకాలం కూడా విప్పుతూనే ఉన్నాడు. విప్పుతూనే, ముక్కూమొహం తెలియని ఎవరి ప్రియురాలి కోసమో, గుండె ఆకారపు జింజర్‌బ్రెడ్ మీద గులాబీరంగు ఐసింగ్‌తో ‘నువ్వే నా లోకం’ అని రాస్తున్నాడు.

న్యూరెంబర్గ్ క్రిస్మస్ సంతలో ‘నువ్వు’ అన్న మాట అతను రాసినన్ని సార్లు ఇంకెవరూ రాసి ఉండరు. నోరు పెగలని మగవాళ్ళందరూ బాబెట్ గారి కొట్టుకి వచ్చి, ప్రేమని రిబ్బన్‌తో సహా కొనుక్కుపోతారు. తినడానికి కాదు. ఆ గుండెలు పెంకుల్లా ఉంటాయి, పన్ను ఊడుతుంది. ఇంతమందికి నోరు అద్దెకిచ్చిన లోరెంజ్‌కి, పక్కనే నిలబడి అమ్మే తెక్లా దగ్గరికి వచ్చేసరికి ‘తెక్లా గారూ, ఆ డబ్బా అందిస్తారా’ తప్ప మాట లేదు.

ఈ రోజు సంతకి ఆఖరి రోజు. మధ్యాహ్నం రెండింటికి తలుపులు దించేస్తారు. ఆ తరవాత తెక్లా లూబెక్ రైలెక్కుతుంది. అక్కడ బాదం మిఠాయిల దుకాణంలో ఉద్యోగం. ఈ ఊరి పిల్ల బాదం ముద్దల ఊరికి పోవడం అంటే శత్రువు పంచన చేరడమే అని బాబెట్ గారు వారం రోజులుగా సణుగుతోంది.

“ఇందులో అల్లం రుచి తెలియడం లేదే?” కొట్టు ముందు ఒక ఇంగ్లీషాయన సగం కొరికిన బిస్కెట్‌ని అనుమానంగా చూశాడు.

“ఎలా తెలుస్తుందండీ, వెయ్యందే?” అంది తెక్లా. “జింజర్‌బ్రెడ్ అని అల్లం పేరు పెట్టింది మీవాళ్ళు. అల్లం కూడా మీరే తెచ్చుకోవాలి. మాది తేనె, గింజలు, దాల్చినచెక్క.”

“మరి అడుగున ఈ తెల్ల రేకు?”

“మఠంలో సన్యాసుల తెలివి. పిండి పళ్ళానికి అంటుకోకుండా చర్చిలో ప్రసాదంగా పెట్టే పలచటి రేకులు పరిచారు. దేవుడి సొమ్ము కదా, అందుకే అంత రుచి.”

“చక్రవర్తి కథ కూడా చెప్పవే,” అంది వెనకనుంచి బాబెట్ గారు. ఆ కథ చెబితే పెద్ద డబ్బా అమ్ముడుపోతుందని ఆవిడ నమ్మకం.

“అయిదు వందల ఏళ్ళ కిందట ఒక చక్రవర్తి తన మొహం అచ్చు వేయించి ఊళ్ళో పిల్లలకి ఇవే పంచాడట. పిల్లలు ముందు ముక్కే కొరికి ఉంటారు. మనసులో మాట మనిషి ఎదుట చెప్పలేనివాళ్ళు రొట్టెల మీద అచ్చు కొట్టించడం అప్పటినుంచే ఉందండీ.” ఆ చివరి మాటకి తెక్లా చూపు ఇంగ్లీషాయన మీద లేదు.

ఆయన పెద్ద డబ్బానే కొన్నాడు. లోరెంజ్ ఎవరి పేరులోనో ఒక అక్షరం ఎక్కువ రాశాడు.

సన్నగా మంచు మొదలైంది. జనం పలచబడ్డారు. తెక్లా కోటు తొడుక్కుంటూ అంది, “వెళ్ళేముందు ఒకటి అడుగుతాను. నిజం చెప్పండి. నిరుడు సంత మొదటి రోజు నేనడిగితే ఎందుకు కాదన్నారు?”

“నేనా? ఏమడిగారు?”

“మీరూ గీరూ వదిలేసి నువ్వు అనుకుందామా అని.”

“కాదనలేదే. సరేనన్నాను. మీ ఇష్టం అన్నాను.”

“అదేగా. ‘మీ’ ఇష్టమన్నారు.”

లోరెంజ్ చేతిలో ఐసింగ్ సంచీ ఆగిపోయింది. ఆ రోజు గుర్తుంది. సంతోషం తలుపు తట్టగానే అతని నోరు, టోపీ తీసి, నడుం వంచి మర్యాద చేసింది. తను వినలేదు. ఆమె విన్నది.

బాబెట్ గారు స్టూలు మీద కూలబడి కళ్ళు తుడుచుకుంది, నవ్వి నవ్వి. “నువ్వు అనుకుందామా అంటే ‘మీ ఇష్టమండీ’ అన్నావా? ఒరేయ్, భోజనానికి రమ్మంటే గుమ్మంలో నిలబడి ఉపన్యాసమిచ్చే బాపతురా నువ్వు. నీ మూలాన నా పిల్ల పోయి పందిపిల్లలు అమ్ముకోవాలి.”

“బాదంతో చేసిన పందిపిల్లలు,” అంది తెక్లా. “వాటి మీద ఎవరూ ఏమీ రాయరు. ప్రాణానికి హాయి.”

“ఉద్యోగానికి ఒప్పేసుకున్నారా?” అన్నాడు లోరెంజ్.

“వస్తానని ఇంకా చెప్పలేదు. ఈ సాయంత్రంలోగా చెప్పాలి. రైలు టిక్కెట్టు మాత్రం ఉంది.” ఆమె కొక్కేనికి మిగిలిన ఆఖరి గుండెని తీసి అతని ముందు పెట్టింది. రాత లేని గుండె. “నాకిది కావాలి. మెళ్ళో వేసుకుని పోతాను.”

“ఏం రాయమంటారు?”

“మీ ఇష్టం,” అంది తెక్లా, ‘మీ’ని వత్తి.

పక్క కొట్టు తలుపు దడాలున పడింది. ఇలాంటప్పుడు ఏం రాయాలో లోరెంజ్‌కి నూరు రకాలు తెలుసు. లోకం, ప్రాణం, వెన్నెల, బంగారం. అన్నీ పరాయివాళ్ళవి. అరువిచ్చి తిరిగి తీసుకున్న చొక్కాల్లా ఒక్కటీ ఒంటికి పట్టడం లేదు. చెయ్యి సంచీ నొక్కింది. రాసింది.

బాబెట్ గారు మెడ సాచి చదివింది. “‘వెళ్ళకండి’. ఇది గుండెరా, రైల్వే వాళ్ళ బోర్డా? పట్టాల మీదికి వెళ్ళకండి అన్నట్టుంది.”

తెక్లా నవ్వలేదు. మెడకి చుట్టుకున్న మఫ్లర్ విప్పి, రిబ్బన్ వెయ్యడానికి వీలుగా తల వంచింది.

“ఇంకా ఆరలేదు,” అన్నాడు లోరెంజ్.

“ఆరేదాకా ఆగితే మళ్ళీ ఏడాది పడుతుంది.”

లోరెంజ్ గుండెని తనవైపు తిప్పుకున్నాడు. తడిగా ఉన్న ‘అండి’ని వేలితో తుడిచేసి, ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు. సంచీ మళ్ళీ నొక్కి, మిగిలిన మాటని సరిచేశాడు.

వెళ్ళకు.