పిలుపుల గుంత

నాంపల్లి స్టేషన్ వెనక, రెండు గోడౌన్ల మధ్య సందులోంచి వెళ్తే ఒక పార్కు వస్తుంది. గడ్డి, పూలమడులు, సిమెంటు బెంచీలు. పగలు చూస్తే ఎవరికీ ఏ అనుమానమూ రాదు. కానీ ఆ చుట్టుపక్కల పాతవాళ్లెవరూ దాన్ని పార్కు అనరు. పిలుపుల గుంత అంటారు.

ఒకప్పుడది రాళ్ల గని. నలభై అడుగుల లోతు దాకా తవ్వి వదిలేశారు. వానలకు నిండింది. కాలుజారి పడ్డవాళ్లున్నారు, కావాలని దూకినవాళ్లున్నారు. పొద్దుగూకాక లోపల్నించి ఎవరో పిలుస్తారనీ, పలికామా... ఇక అంతేననీ చెప్పుకునేవారు. తర్వాత దాన్ని మట్టితో పూడ్చి, ఓ మూల మురుగునీళ్లు శుభ్రంచేసే ప్లాంటు కట్టి, పైన పార్కు వేశారు. గుంత పోయింది. పేరు మాత్రం పోలేదు.

ఈ సంగతి నాకు చెప్పింది మృదుల. అబిడ్స్‌లో మా పక్కవాటాలో ఉంటుంది. ఆ ప్లాంటులో గైడు పని. స్కూలు పిల్లల్నీ, కాలనీలవాళ్లనీ వెంటబెట్టుకుని, నల్లటి నీళ్లు ఎట్లా తేటపడతాయో, ఒకనాటి గని మీద బంతిపూలు ఎట్లా పూస్తున్నాయో మైకులో చెబుతూ తిప్పుతుంది. దయ్యాలంటే నవ్వే పిల్ల.

ఇది జరిగింది మొన్న జనవరిలో. నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్ రోజులు.

శుక్రవారం సాయంత్రం ఒక స్కూలు బ్యాచి వచ్చింది. అన్నీ చూపించి, చివర్లో బంతిమడి దగ్గర నిలబెట్టి మాట్లాడుతోంది. అప్పుడు — నేల కిందనుంచి ఒక గొంతు.

"తొమ్మిది..."

ఆగింది.

"ఎనిమిది... నాలుగు..."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒక పాప, "మేడం, దయ్యం మనల్ని లెక్కపెడుతుంది!" అంది. అందరూ నవ్వారు. మృదులా నవ్వింది.

"నవ్వి... మైకు సౌండ్ పెంచిన ఆంటీ," అంది నాతో.

పిల్లల్ని పంపించేశాక వాచ్‌మన్ దుర్గయ్యను అడిగింది. అరవై దాటిన మనిషి. చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"నాకు గూడ ఇనవడ్డది బిడ్డా. నిన్న రాత్రి సంది. నువ్వైతే పలకకు. ఇనవడనట్టే ఉండు."

ఆ రాత్రి ఆమెకు సరిగా నిద్ర పట్టలేదు. అయినా తెల్లారి డ్యూటీకి వెళ్లింది.

శనివారం అబిడ్స్‌లోని ఒక అపార్ట్‌మెంటు వాళ్లు, ఓ పాతికమంది వచ్చారు. అందులో సుబ్బరత్నంగారని ఒకావిడ — డెబ్భై ఏళ్లుంటాయి. గుంటూరు నుంచి ఎప్పుడో చిన్నప్పుడే ఇక్కడికొచ్చి, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. బంతిమడి దగ్గరికి వచ్చేసరికి చీకటిపడింది. లైట్లు ఇంకా వెయ్యలేదు.

"తొమ్మిది... ఎనిమిది..."

ఈసారి గొంతు సన్నగా ఉంది. నీళ్లలోంచి వచ్చినట్టు. ఒకావిడ పక్కనున్నామె చెయ్యి పట్టుకుంది. ఇద్దరు ముగ్గురు ఫోన్లు తీసి వీడియో మొదలుపెట్టారు.

"వెళ్లిపోదాం అమ్మా..." అని ఎవరో గొణిగారు.

సుబ్బరత్నంగారు మాత్రం కదల్లేదు. కళ్లు మూసుకుని, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంటున్నారు. గొంతు ఆగింది. మళ్లీ మొదలైంది. మళ్లీ ఆగింది.

"అమ్మాయ్," అన్నారు మెల్లగా. "పది అంకెలు. అయిపోగానే మళ్లీ అవే చెబుతున్నాడు. ఇది ఫోను నంబరు."

మృదుల ఫోను తీసింది. ఆవిడ ఒక్కో అంకె చెబుతుంటే నొక్కింది. రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి మోగింది.

"హలో... ఎవరు?" ఆడగొంతు.

"మీరెవరు మాట్లాడేది?"

"నాగవల్లిని. ఎవరు గావాలె?"

"మీ ఇంట్ల... ఎవరన్న కనిపిస్తలేరా అమ్మా?"

"లేదే! అందరున్నం. మా ఆయన ఒక్కడు పనిమీద పోయిండు. రామచందరని, మోటార్ మెకానిక్. మొన్న బేస్తారం నాడు నాంపల్లిల ఏదో పంపు సూసి, గట్నించి గట్లనే జహీరాబాద్ పోతనన్నడు. ఫోన్ కలుస్తలేదు. ఏంది మేడం... ఏమైంది?"

మృదుల తల తిప్పి చూస్తే — దుర్గయ్య నేల మీద కూలబడి ఉన్నాడు.

"బేస్తారం..." అన్నాడు. "పొద్దుగూకినంక... పాత బాయి మూత తెరిచి ఉండె. లోపల ఏందో మూలిగింది. నేను లోపలికి సూడలే బిడ్డా. మొకం తిప్పుకొని మూత మూసిన. తాళమేసిన."

గని పూడ్చినప్పుడు, అడుగున ఊరే నీళ్లు తోడెయ్యడానికి ఒక బావి మిగిల్చారు. దాని అడుగున పంపు, దిగడానికి ఇనుప నిచ్చెన, పైన ఇనుప మూత. గాలి కోసం బిగించిన గొట్టం బంతిమడిలోకి వచ్చి తేలుతుంది. నిచ్చెన మెట్టు ఊడి పడ్డవాడి గొంతు రెండు రోజులుగా ఆ గొట్టంలోంచే వస్తోంది.

తాళంచెవి ప్లాంటు సూపర్‌వైజరు తీసుకుపోయాడు. అతని ఫోన్ స్విచ్చాఫ్. రాళ్లతో కొట్టారు, ఇనపరాడ్లతో ఎత్తిచూశారు. మూత ఖంగున మోగిందే తప్ప కదల్లేదు. ఫైరింజనుకు చెప్పారు. బయల్దేరాం అన్నారు. కానీ శనివారం సాయంత్రం, నుమాయిష్ జనం — మొజంజాహీ మార్కెట్ దాకా బండి మీద బండి. సైరన్ దూరంగా వినపడుతోంది... అక్కడే ఉంది... అక్కడే.

మృదుల బంతిమొక్కల మీద బోర్లా పడుకుని గొట్టానికి నోరు పెట్టింది.

"రామచందరన్నా! మేం పైననే ఉన్నం! తీస్తున్నం అన్నా, జర ఓర్చుకో!"

గొంతు ఆగింది. వింటున్నట్టే అనిపించింది. తర్వాత —

"తొమ్మిది... ఎనిమిది..."

"అన్నా! నంబర్ దొరికింది! ఇంగ చెప్పకు!"

ఆగింది. మళ్లీ మొదలైంది. మృదుల నాగవల్లికి మళ్లీ కలిపి ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి గొట్టం దగ్గర పట్టుకుంది. "నేనయ్యా... నేను మాట్లాడుతున్న..." అని అవతల నాగవల్లి ఏడ్చింది. దానికీ ఒక్క క్షణం ఆగాడు. మళ్లీ మొదట్నించి. ఒక్కోసారి ఒక్కో అంకె తగ్గుతూ వచ్చింది. ఆరు అంకెలే. అయిదు. చివరికి ఒక్క "తొమ్మిది" దగ్గరే నిలిచిపోయింది.

గంటన్నర తర్వాత మూత కోశారు.

బతికే ఉన్నాడు. కాలు రెండుచోట్ల విరిగింది. స్ట్రెచర్ మీద ఎక్కించేటప్పుడు కళ్లు తెరిచే ఉన్నాయి. ఎవరినీ చూడలేదు. దుర్గయ్య కాళ్లు పట్టుకున్నా చూడలేదు.

నాలుగో రోజు మృదుల దవాఖానకు వెళ్లింది. మంచం పక్కన నాగవల్లి ఉంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"డాక్టర్లేమో కాలు బాగైతదంటున్రు," అంది. "కానీ ఎవ్వరితోటి మాట్లాడుతలేడు మేడం. పిల్లలొచ్చినా మాట్లాడలే."

మృదుల మంచం మీదికి వంగింది.

"అన్నా... నేను మృదులని."

ఆ గొంతు వినగానే తల తిప్పాడు. అన్ని రోజుల్లో మొదటిసారి. ఆమెను తేరిపార చూశాడు.

"మైకుల మాట్లాడే మేడం... గదా?"

"ఔ అన్నా." ఆమెకు ఏడుపొచ్చింది. "నేనే."

అతను పైకప్పు వైపు చూశాడు. చుట్టూ గోడల్ని చూశాడు. భార్యను చూశాడు. తర్వాత మృదుల చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, జాలిగా, ఎవరికీ వినపడకుండా అడిగాడు —

"మీరు గూడ ఈ బాయిల పడ్డరా మేడం? ...మా ఆమె గూడ పడ్డది."